లోహాల పాఠం: పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, జవాబులు

పదో తరగతిలో లోహాల పాఠం వచ్చిన ప్రతి ఏడూ ఇంచుమించు అవే సందేహాలు. ముందు బెంచీ వాళ్లు చర్యాశీలత శ్రేణి, అంటే రసాయన చర్యలో చురుకుదనాన్ని బట్టి లోహాలను పైనుంచి కిందికి పేర్చిన వరస, బట్టీ పట్టాలా అని అడుగుతారు. వెనక బెంచీ వాళ్లు కర్నూలు జిల్లా తుగ్గలి పొలాల్లో దొరికే వజ్రం లోహమేనా అని అడుగుతారు. నిజానికి రెండోదే మంచి ప్రశ్న. ప్రతిసారీ బోర్డు మీద రాసి చెరిపేయడం కన్నా ఒకచోట పెట్టడం నయమని వీటిని ఇక్కడ చేర్చాను. ప్రశ్నలు పిల్లలు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏది కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు. ఉదాహరణలు కర్నూలు, అనంతపురం, కడప వైపువి. 2022లో జిల్లాలు విడిపోయినా, ఊళ్లను పాత జిల్లాల పేర్లతోనే చెప్పాను.

## పాఠం మొదట్లో

ఒక వస్తువు లోహమా కాదా అని చూసి చెప్పేయొచ్చా సార్?

చూసి చెప్పడం కష్టం. మెరుపు, కొడితే ఖంగుమనడం, రేకుగా సాగడం, తీగగా సాగడం, వేడినీ కరెంటునీ పోనివ్వడం అనే లక్షణాలు చాలా లోహాల్లో కనిపిస్తాయి, కానీ ప్రతిదానికీ మినహాయింపు ఉంది. పాదరసం లోహమే అయినా ద్రవం. సోడియాన్ని కత్తితో కోయొచ్చు. గాలియం దాదాపు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, మే నెలలో కర్నూల్లో బల్ల మీద పెడితే దానంతటదే నీళ్లయిపోతుంది. అటువైపు చూస్తే అయోడిన్ మెరుస్తుంది కానీ లోహం కాదు, పెన్సిల్లోని గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది కానీ అదీ లోహం కాదు.

గట్టి గుర్తు ఒకటుంది. రసాయన చర్యలో లోహం తన ఎలక్ట్రాన్లను వదులుకుని ధనాత్మక అయాన్ అవుతుంది. పరీక్షలో భౌతిక ధర్మాలు రాయండి, ఈ ఒక్క వాక్యం కూడా చేర్చండి.

తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వానలకు దొరికే వజ్రం లోహమా?

కాదు. వజ్రం స్వచ్ఛమైన కార్బన్, అంటే అలోహం. అందులో ప్రతి కార్బన్ పరమాణువు చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో గట్టిగా బంధం వేసుకుని ఉంటుంది. స్వేచ్ఛగా కదిలే ఎలక్ట్రాన్లు ఉండవు కాబట్టి కరెంటు పోదు. సుత్తితో కొడితే రేకుగా సాగదు, పగిలిపోతుంది. 'నిజమైన వజ్రం సుత్తి దెబ్బకు పగలదు' అన్న మాట నమ్మి ఎవరూ పరీక్ష చేయకండి. గీతలు పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు.

ఒక విచిత్రం ఉంది. కరెంటును పోనివ్వని ఈ వజ్రం వేడిని మాత్రం రాగికంటే బాగా పోనిస్తుంది. అంగళ్లలో వజ్రాన్ని పరీక్షించే చిన్న పెన్నులాంటి పరికరం చాలావరకు ఈ గుణం మీదే పనిచేస్తుంది. భూమి లోతుల్లో తయారైన వజ్రాలను కింబర్లైట్ అనే రాయి పైకి మోసుకొచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర అలాంటి కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి.

స్టీలు గ్లాసుకు అయస్కాంతం అంటుకోలేదు. అంగడాయన మోసం చేశాడా?

లేదు. వంటింటి స్టీలులో ఎక్కువగా వాడే రకంలో ఇనుముతో పాటు సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ చేరడం వల్ల పరమాణువుల అమరిక మారి అయస్కాంతానికి లొంగదు. గిన్నె వంచిన అంచుల దగ్గర కాస్త అంటుకున్నట్టు అనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వంచినప్పుడు అక్కడ అమరిక కొంత మారుతుంది. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చౌక రకాలకూ అయస్కాంతం అంటుకోదు. కాబట్టి అయస్కాంతంతో స్టీలు నాణ్యత తేల్చలేం.

ఓర్వకల్లు వైపు సోలార్ పార్కులో ఆ నల్లటి పలకలు ఏ లోహంతో చేస్తారు?

అసలు పని చేసేది సిలికాన్. అది లోహం కాదు, అర్ధలోహం, అంటే లోహానికీ అలోహానికీ మధ్యరకం. చుట్టూ ఉన్న చట్రం అల్యూమినియం, పైన సన్నని గీతల్లా కనిపించేవి ఎక్కువగా వెండి, లోపలి పట్టీలు రాగి, కింద నిలబెట్టిన కాళ్లు జింకు పూత వేసిన ఉక్కు.

కరెంటు స్తంభాల మీద అల్యూమినియం తీగ, ఇంట్లో మాత్రం రాగి తీగ. ఎందుకీ తేడా?

ఒకే మందం తీగలు తీసుకుంటే అల్యూమినియం రాగిలో 60 శాతం మాత్రమే కరెంటును పోనిస్తుంది. కానీ దాని సాంద్రత 2.7, రాగిది 8.9. అందుకని తీగను కాస్త లావు చేస్తే చాలు, అదే కరెంటును సగం బరువుతో మోస్తుంది. బరువు తగ్గితే స్తంభాలు తక్కువ, ఖర్చు తక్కువ. అల్యూమినియం లాగితే సులభంగా సాగిపోతుంది కనుక పెద్ద లైన్లలో మధ్యలో ఉక్కు తీగలు పెట్టి చుట్టూ అల్యూమినియం తీగలు పేనుతారు. తెగి కింద పడిన తీగ ముక్కలో ఇది చూడొచ్చు. లైన్‌మన్ చేతిలో ఉన్నప్పుడే చూడండి, మీరు ముట్టుకోవద్దు.

ఇంట్లో బరువుతో పనిలేదు. గోడలో గొట్టం సన్నం, స్విచ్చు దగ్గర బిగింపులు ఎక్కువ. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఏర్పడి, బిగింపు వదులై, అక్కడ వేడెక్కుతుంది. అందుకే రాగి.

చర్యాశీలత శ్రేణి మొత్తం బట్టీ పట్టాలా సార్?

వరస గుర్తుండాలి. పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము, సీసం, హైడ్రోజన్, రాగి, పాదరసం, వెండి, బంగారం. కానీ వరస ఒక్కటే గుర్తుంటే లాభం లేదు. పైనున్న లోహం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, కిందున్నది పట్టుకోదు. ఈ ఒక్క మాట అర్థమైతే పాఠంలో సగం అయిపోయినట్టే. ఏ లోహం భూమిలో ఎలా దొరుకుతుంది, దాన్ని తీయడానికి ఎంత ఖర్చవుతుంది, వాడితే ఎన్నాళ్లుంటుంది అన్నవన్నీ చాలావరకు ఈ పట్టు మీదే ఆధారపడి ఉంటాయి.

దీన్ని కళ్లతో చూడాలంటే చీనీ, దానిమ్మ తోటల రైతుల దగ్గరికి వెళ్లండి. వాళ్లు మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం చేస్తారు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. దాన్ని ఇనుప బకెట్లో కలపరు, ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలుపుతారు. కారణం శ్రేణిలోనే ఉంది. ఇనుము రాగికంటే పైన ఉంది కాబట్టి ద్రావణంలోని రాగిని బయటికి నెట్టి తాను లోపలికి వెళ్తుంది, బకెట్ తూట్లు పడుతుంది. మిశ్రమం సిద్ధమయ్యాక మెరిసే చాకునో మేకునో కాసేపు అందులో ముంచి తీస్తారు. దాని మీద ఎర్రటి పూత కనబడితే రాగి ఇంకా విడిగా మిగిలి ఉందని అర్థం, మరికొంత సున్నం పోస్తారు. లేకపోతే ఆకులు మాడిపోతాయి. ల్యాబులో మనం చేసే స్థానభ్రంశ చర్య అచ్చంగా ఇదే. మైలుతుత్తం విషం, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

## భూమిలోంచి తీసే దశ

ఖనిజం, ధాతువు రెండూ ఒకటే కదా?

కాదు. లోహం ఉన్న ఏ సహజ పదార్థమైనా ఖనిజమే అనుకోవచ్చు. అందులోంచి లోహాన్ని లాభసాటిగా తీయగలిగితేనే అది ధాతువు. మన ఎర్రనేలల రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చిందే, అయినా చేను మట్టిని ఎవరూ కొలిమిలో వేయరు. ఓబుళాపురం వైపు కొండల్లోని హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ రాయిలో ఇనుము శాతం ఎక్కువ, అందుకే అక్కడ గనులు. మామూలు బంకమట్టిలో అల్యూమినియం ఉంది, కానీ దాన్ని తీసేది బాక్సైట్ నుంచి.

'లాభసాటి' అన్న మాట కాలాన్ని బట్టి మారుతుంది. అనంతపురం జిల్లా రామగిరిలో బంగారు గని నడిచి మూతపడింది. రాయిలో బంగారం పూర్తిగా అయిపోయి కాదు, తీసే ఖర్చుకు వచ్చే బంగారం సరిపోక. ధర పెరిగితే నిన్నటి పనికిరాని రాయి ఇవాళ ధాతువు అవుతుంది.

మంగంపేట ముగ్గురాయిలో ఏ లోహం ఉంది?

బేరియం. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. కడప జిల్లా మంగంపేట నిక్షేపం ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. తమాషా ఏమిటంటే దాన్ని కొనేవాళ్లలో ఎక్కువమందికి బేరియం లోహంతో పనే లేదు, ఆ రాయి బరువే కావాలి. స్వచ్ఛమైనదాని సాంద్రత సుమారు 4.5, మామూలు రాయికంటే ఎంతో ఎక్కువ. చమురు బావులు తవ్వేటప్పుడు దాని పొడిని బురదలో కలిపి లోపలికి పంపుతారు. కింద నుంచి తన్నుకొచ్చే గ్యాసును, నూనెను ఆ బరువైన బురద అణచిపెడుతుంది.

బేరియం లవణాలు నీళ్లలో కరిగితే విషం. సల్ఫేట్ మాత్రం కరగదు, అందుకే ఎక్స్‌రేలో పేగులు కనబడటానికి ఆసుపత్రిలో తాగించేదీ ఇదే.

ఇనుప రాయిని వేడి చేస్తే ఇనుము కరిగి వస్తుంది కదా? బొగ్గు, సున్నపురాయి ఎందుకు?

రాయిలో ఉన్నది ఇనుము కాదు, ఐరన్ ఆక్సైడ్. ఎంత వేడి చేసినా అది కరిగిన ఆక్సైడ్‌గానే ఉంటుంది. ఇనుము రావాలంటే ఆక్సిజన్‌ను లాగేసేది ఒకటి కావాలి. ఆ పని చేసేది కార్బన్ మోనాక్సైడ్.

బ్లాస్ట్ కొలిమి పైనుంచి ధాతువు, కోక్ బొగ్గు, సున్నపురాయి వేస్తారు. కింద నుంచి వేడి గాలి కొడతారు. కోక్ మండి ముందు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది పైనున్న ఎర్రటి కోక్‌ను తాకి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఆ వాయువు హెమటైట్‌లోని ఆక్సిజన్‌ను తీసుకుని మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా పైనుంచి పోతుంది. ఇనుము కరిగి అడుక్కు చేరుతుంది. ఒక అణువు ఐరన్ ఆక్సైడ్‌కు మూడు అణువుల కార్బన్ మోనాక్సైడ్ అని సమీకరణంలో తూచడం మరవకండి, మార్కులు పోయేది అక్కడే.

ఇక సున్నపురాయి. ధాతువుతో వచ్చిన ఇసుక, అంటే సిలికా, అంత సులభంగా కరగదు. సున్నపురాయి విడిపోయి కాల్షియం ఆక్సైడ్ అవుతుంది, అది ఇసుకతో కలిసి కాల్షియం సిలికేట్ అవుతుంది. దీన్నే లోహమలం అంటాం. ఇది ఇనుముకంటే తేలిక కనుక పైన తేలుతుంది, వేరే రంధ్రం నుంచి తీసేస్తారు. పైన తేలడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, కింద ఉన్న ఇనుమును గాలి తాకి మళ్లీ ఆక్సైడ్ కాకుండా కాపాడుతుంది. లోహమలం చెత్త కాదు, చల్లార్చి పొడి చేసి స్లాగ్ సిమెంటులో కలుపుతారు.

కొలిమి నుంచి వచ్చిన ఇనుములో సుమారు 4 శాతం కార్బన్ ఉంటుంది, కొడితే విరుగుతుంది. ఆక్సిజన్ ఊది ఆ కార్బన్‌ను తగ్గిస్తేనే ఉక్కు. ఉక్కు తయారీని దగ్గర్లో చూడాలంటే తాడిపత్రి వైపు ఫ్యాక్టరీ ఉంది. కడప ఉక్కు ఫ్యాక్టరీ ఎప్పుడొస్తుంది సార్ అని కూడా ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. అది రసాయన శాస్త్రం చెప్పగలిగే ప్రశ్న కాదు.

ఉప్పునీళ్లలో కరెంటు పంపాం, సోడియం రాలేదు. బుడగలే వచ్చాయి. ఎందుకు?

నీళ్లు ఉన్నంతవరకు సోడియం రాదు. రుణధ్రువం దగ్గర సోడియం అయాన్‌కంటే నీరే సులభంగా ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. అందుకని అక్కడ హైడ్రోజన్, ధనధ్రువం దగ్గర క్లోరిన్ వస్తాయి, ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ మిగులుతుంది. కర్నూలు దగ్గర కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ నడిచేది ఈ సూత్రం మీదే.

సోడియం లోహమే కావాలంటే నీరు లేకుండా కరిగించిన ఉప్పులోకి కరెంటు పంపాలి. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కాల్షియం క్లోరైడ్ కలిపి ఆ వేడిని 600 దాకా దించుతారు. మీరు చేసిన ఉప్పునీళ్ల ప్రయోగం తలుపులు మూసిన గదిలో చేయకండి, క్లోరిన్ ఊపిరితిత్తులకు చెడ్డది.

అల్యూమినియం ఇంత చౌక కదా, మరి రాజుల కాలంలో ఎందుకు లేదు?

తీయడం చేతకాక. అల్యూమినియం ఆక్సిజన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే బొగ్గుతో మామూలు కొలిమిలో విడదీయలేం. కరెంటు కావాలి. అల్యూమినియం ఆక్సైడ్‌ను కరిగించడానికి 2000 డిగ్రీలు దాటాలి. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరో విడివిడిగా ఒకే ఉపాయం కనిపెట్టారు. కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో ఆక్సైడ్‌ను కలిపితే సుమారు 950 డిగ్రీల దగ్గరే పని జరుగుతుంది. అంతకుముందు రెండేళ్ల కింద, 1884లో, అప్పటికింకా అరుదైన లోహం కనుక, వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు గౌరవంగా అల్యూమినియం టోపీ పెట్టారు. ఇప్పుడు మనం సిల్వర్ బోకులు అని పిలిచి మూలన పడేసేవీ ఆ లోహమే.

బంగారం తీయడానికి సైనైడ్ వాడతారట. అది విషం కదా?

విషమే. అయినా వాడతారు, ఎందుకంటే టన్ను రాయిలో బంగారం కొన్ని గ్రాములే ఉంటుంది, కంటికి కూడా కనబడదు. కర్నూలు జిల్లా జొన్నగిరి లాంటి చోట్ల ఉన్నది ఇలాంటి రాయే. దాన్ని పిండిలా నూరి, చాలా పలుచని సైనైడ్ ద్రావణంలో గాలి తగిలేలా కలిపితే బంగారం కరిగి ద్రావణంలోకి వస్తుంది. ద్రావణం క్షారంగా ఉండేలా సున్నం కలుపుతారు. ఆమ్లం తగిలితే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. తర్వాత జింకు పొడి వేస్తే జింకు కరిగి, బంగారం బయటికి వస్తుంది. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో బంగారాన్ని ముందు బొగ్గు రేణువులకు పట్టించి తీస్తున్నారు. మిగిలిన ద్రావణాన్ని శుద్ధి చేయకుండా వదలకూడదు.

తుమ్మలపల్లెలో యురేనియం తీయడానికి ఆమ్లం వాడరంటారు. నిజమేనా?

నిజం. చాలా దేశాల్లో యురేనియం రాయిని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది కార్బొనేట్ రాయిలో. ఆమ్లం పోస్తే ఏమవుతుందో ఎనిమిదో తరగతి వాళ్లూ చెప్తారు. బుసబుసా పొంగి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆమ్లమంతా రాయికే ఖర్చయిపోతుంది, యురేనియానికి మిగలదు. అందుకే అక్కడ సోడియం కార్బొనేట్‌తో, ఎక్కువ వేడి, ఒత్తిడి పెట్టి క్షార పద్ధతిలో తీస్తారు. మిగిలిన బురదను ఎలా నిలవ చేయాలన్నది వేరే పెద్ద సమస్య. చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ల గురించి అడిగేది ఆ బురద గురించే.

రైలు పట్టాలను పట్టాల మీదే ఎలా అతికిస్తారు?

గుంతకల్లు పిల్లలు ఇది చూసే ఉంటారు. రెండు పట్టాల మధ్య వేలెడంత సందు ఉంచి, చుట్టూ ఇసుక అచ్చు బిగించి, ముందు మంటతో పట్టాల కొనలను బాగా వేడి చేస్తారు. పైన మూసలో ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి మిశ్రమం పోసి అంటిస్తారు. కళ్లు చెదిరే వెలుగు, నిమిషం లోపే పని అయిపోతుంది. అల్యూమినియం ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, ఇనుము విడిగా మిగులుతుంది. పుట్టే వేడికి ఆ ఇనుము కరిగి కింది అచ్చులోకి కారి రెండు పట్టాలనూ కలిపేస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ తేలికగా ఉండి పైన తేలుతుంది. గట్టిపడ్డాక అచ్చు పగలగొట్టి, ఎక్కువైనది కోసి, నున్నగా రుద్దుతారు. ఇదే థర్మైట్ చర్య. కరెంటు అక్కర్లేదు, కొలిమి అక్కర్లేదు, అడవి మధ్యలోనైనా చేయొచ్చు.

## ఇంట్లో వాడేటప్పుడు

చింతపండుతో తోమితే రాగి చెంబు కొత్తదానిలా ఎందుకవుతుంది?

చెంబు మీది నల్లటి పొర కాపర్ ఆక్సైడ్, పచ్చటి చిలుము కాపర్ కార్బొనేట్ రకం. రెండూ క్షార గుణం ఉన్నవి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం వాటిని కరిగిస్తుంది, కింది రాగి బయటపడుతుంది. తోమిన ప్రతిసారీ చెంబు రవ్వంత అరుగుతుంది.

ఇత్తడి గిన్నెకు కళాయి ఎందుకు వేయిస్తారు? వేయకుండా వండితే ఏమవుతుంది?

ఇత్తడి అంటే రాగి, జింకు. పులుసు, మజ్జిగ, టమోటా లాంటివి పోస్తే వాటి ఆమ్లానికి రెండు లోహాలూ కొద్దికొద్దిగా కరుగుతాయి. మజ్జిగ పచ్చగా తిరగడం, వాంతులు కావడం అందుకే. కళాయి అంటే లోపల వేసే తగరం పూత. తగరం ఆహారంలోని ఆమ్లాలకు సులభంగా లొంగదు.

కళాయి వేసే ఆయన వీధిలోకి వస్తే పక్కన కూర్చుని చూడండి, ఒక పూట రసాయన శాస్త్రం పాఠం ఉచితంగా దొరుకుతుంది. ముందు గిన్నెను ఇసుకతోనో ఆమ్లంతోనో రుద్ది శుభ్రం చేస్తాడు. కొలిమి మీద పట్టుకారుతో తిప్పుతూ వేడి చేస్తాడు. బాగా కాగాక నవాసారం పొడి చల్లుతాడు, తెల్లటి పొగ గుప్పుమని లేస్తుంది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోతుంది, రెండోది లోహం మీది ఆక్సైడ్ పొరను తినేస్తుంది. ఆ పొర ఉంటే తగరం పట్టదు. వెంటనే తగరం ముక్కను అలా తాకిస్తాడు. 232 డిగ్రీలకే కరిగే లోహం కనుక గిన్నె వేడికే కరుగుతుంది. దూదితో గిన్నంతా తుడిస్తే పసుపు పోయి వెండిలా మెరుస్తుంది. నీళ్లలో ముంచితే అయిపోయింది.

ఒకటి అడగండి: తగరంలో సీసం కలిపారా? సీసం చౌక, కానీ ఒంట్లోకి పోకూడని లోహం.

మన ఇంటి గేటు ఏళ్లయినా బాగానే ఉంది. మచిలీపట్నంలో మామయ్య వాళ్ల గేటు తుప్పు రాలుతోంది. ఎందుకు?

తుప్పుకు గాలిలోని ఆక్సిజన్, నీళ్లు రెండూ కావాలి. అనంతపురం దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, గాలిలో తేమ తక్కువ. సముద్రం పక్కన తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. ఉప్పు కలిసిన తేమ కరెంటును బాగా పోనిస్తుంది, తుప్పు పట్టే చర్య వేగం పెరుగుతుంది.

జింకు పూత వేసిన గొట్టాలు ఎక్కువ కాలం ఉండటానికి కారణం జింకు అడ్డుగా నిలవడం ఒక్కటే కాదు. పూత మీద గీత పడి ఇనుము బయటపడినా, ఇనుముకంటే చర్యాశీలత ఎక్కువైన జింకు ముందు తాను తినేయబడి ఇనుమును కాపాడుతుంది. రంగు ఆ పని చేయలేదు. రంగు లేచిన చోటే తుప్పు మొదలై లోపలికి పాకుతుంది.

అల్యూమినియం ఇనుముకంటే చర్యాశీలత ఎక్కువ అంటారు. మరి తుప్పు పట్టదేం?

గాలి తగలగానే పడుతుంది. ఆ ఆక్సైడ్ పొర పలచగా, గట్టిగా అతుక్కుని కిందికి గాలిని పోనివ్వదు. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది కనుక ఆగదు. పులుపు, ఉప్పు ఆ పొరను కరిగిస్తాయి, కాబట్టి ఊరగాయ అల్యూమినియం గిన్నెలో పెట్టకండి.

916 బంగారం అంటే ఏంటి?

1000 పాళ్లలో 916 పాళ్లు బంగారం, అంటే 22 క్యారెట్లు. మిగతాది ఎక్కువగా రాగి, వెండి. స్వచ్ఛమైన బంగారం మెత్తన, గాజు వంగిపోతుంది. ప్రొద్దుటూరులో కొన్నా ఇంకెక్కడ కొన్నా హాల్‌మార్క్ గుర్తుతో పాటు ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకు మాత్రమే ఇచ్చిన గుర్తింపు నంబరు, ఉందో లేదో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరైన చోట్ల అది లేకుండా నగలు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి.

## పాతబడ్డాక

పాత సామాన్ల బండాయన అయస్కాంతం, ఆకురాయి ఎందుకు పెట్టుకుంటాడు?

ఏ లోహమో తేల్చుకోవడానికి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము, తక్కువ ధర. అంటుకోకపోతే ఆకురాయితో గీరుతాడు. పైపూత పోయి లోపల ఎర్రగా ఉంటే రాగి, పసుపుగా ఉంటే ఇత్తడి, తెల్లగా తేలికగా ఉంటే అల్యూమినియం. కాలిపోయిన బోరు మోటారుకు ధర పలికేది లోపల చుట్టిన రాగి తీగ వల్లే. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగలకు కావాల్సిందీ అదే.

లోహాన్ని ఎన్నిసార్లు కరిగించినా గుణం పోదంటారు. నిజమేనా?

లోహం స్వచ్ఛంగా ఉంటే నిజం. ప్లాస్టిక్‌లా అణువులు తెగిపోవు. కల్తీ కలిస్తేనే చిక్కు. పాత ఇనుములో మోటారు తీగల రాగి కలిసి కొలిమిలోకి పోయిందనుకోండి. ఆక్సిజన్ ఊది దాన్ని తీసేద్దామంటే కుదరదు, రాగికంటే ముందు ఇనుమే ఆక్సైడ్ అయిపోతుంది. రాగి ఉక్కులోనే ఉండిపోయి, వేడిగా సాగదీసేటప్పుడు పగుళ్లు తెస్తుంది. అందుకే తుక్కును కరిగించాక కాదు, కరిగించకముందే వేరు చేయాలి.

మిగులు ఎక్కువగా ఉండేది అల్యూమినియంలో. బాక్సైట్ నుంచి తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాత అల్యూమినియాన్ని కరిగించి కొత్తది చేయొచ్చు. ఆక్సిజన్ నుంచి విడదీసే కష్టమైన పని ఎప్పుడో అయిపోయింది కదా, ఇప్పుడు 660 డిగ్రీల దగ్గర కరిగిస్తే చాలు.

పాత ఫోన్లలో బంగారం ఉంటుందట. ఇంట్లో తీయొచ్చా?

ఉంది, టన్ను ఫోన్లలో మంచి బంగారు గని రాయికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఒక్క ఫోన్లో ఉండేది గ్రాములో వందో వంతుల లెక్క. దానికోసం ఇంట్లో ఆమ్లాలు మరిగిస్తే బంగారం రాదు, ఊపిరితిత్తులు పోతాయి. ఈ-వ్యర్థాలు తీసుకునే గుర్తింపు ఉన్న కేంద్రానికి ఇవ్వండి.

వైర్లు కాల్చి రాగి తీసుకుంటే తప్పేముంది?

వైరు పైతొడుగు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్. కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. రాగి కూడా కొంత ఆక్సైడ్ అయి నల్లబడి ధర తగ్గుతుంది. కత్తితో ఒలిస్తే శుభ్రమైన రాగి, మంచి ధర.

పాత ఇన్వర్టర్ బ్యాటరీని విడగొట్టి సీసం అమ్మొచ్చా?

వద్దు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అందుకే పెరట్లో పొయ్యి మీద కరిగించేవాళ్లు ఉన్నారు. ఆ పొగ, దుమ్ము చుట్టుపక్కల పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. లోపలి ఆమ్లం నేలలోకి పోతుంది. బ్యాటరీని అలాగే కొత్తది కొన్న అంగట్లో ఇవ్వండి, ధర తగ్గిస్తారు.

అంతా రీసైకిల్ చేస్తే గనులు మూసేయొచ్చు కదా?

ఇప్పట్లో కాదు. ఇవాళ వంతెనలో పెట్టిన ఉక్కు తుక్కుగా రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోగా అవసరం పెరుగుతూనే ఉంటుంది.

## పరీక్ష ముందు రోజు

భర్జనం, భస్మీకరణం ఎప్పుడూ తారుమారు అవుతున్నాయి సార్.

భర్జనం: సల్ఫైడ్ ధాతువును గాలి బాగా తగిలేలా వేడి చేయడం, సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. భస్మీకరణం: కార్బొనేట్ ధాతువును గాలి లేకుండా లేదా తక్కువ గాలితో వేడి చేయడం, కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రెండింటిలోనూ చివరికి మిగిలేది ఆక్సైడ్.

ద్విస్వభావ ఆక్సైడ్లకు ఉదాహరణలు?

అల్యూమినియం ఆక్సైడ్, జింకు ఆక్సైడ్. ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరుపుతాయి.

లోహం, ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ అన్నారు. నత్రికామ్లంతో ఎందుకు రాదు?

నత్రికామ్లం బలమైన ఆక్సీకరణి, అంటే ఎదుటిదాన్ని ఆక్సీకరణం చేసేది. పుట్టిన హైడ్రోజన్‌ను నీరుగా మార్చి తాను నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతుంది. బాగా పలుచని నత్రికామ్లంతో మెగ్నీషియం, మాంగనీస్ మాత్రం హైడ్రోజన్ ఇస్తాయి.

తుప్పు మీద ప్రాజెక్టు చేయాలి. కొత్తగా ఏం చేయొచ్చు?

పుస్తకంలోని మూడు పరీక్ష నాళికలు అందరూ చేసేవే. మీరు గాజు సీసాల్లో మన నీళ్లు పోయండి: ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో కేసీ కాలువవో తుంగభద్రవో, ఒకదాంట్లో ఆర్‌ఓ ప్లాంటువి, ఒకదాంట్లో మరిగించి చల్లార్చి పైన నూనె పోసినవి. ఒకే పెట్టెలోని మేకులు తీసుకుని, ఉప్పుకాగితంతో రుద్ది ఒక్కోదాంట్లో రెండేసి వేయండి. రెండెందుకంటే ఒక మేకు మీద పూత మిగిలిపోతే ఫలితం తప్పుతుంది. ప్రతిరోజూ ఒకే సమయానికి ఫోటో తీసి, తేదీ రాసి అతికించండి. ఫలితం మీరు అనుకున్నట్టు రాకపోతే దిద్దకండి, వచ్చింది వచ్చినట్టే రాయండి.